మైకు మోగకముందు మోగిన గంట

"ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు," అన్నాడు హిరుమా కునిహికో, టీ గిన్నెని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి. "నాకు దొరికిపోయినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు. రెండో రకం వాళ్ళంటే నాకు జాలి. పాపం, వాళ్ళు ఎదురుచూస్తూ బతకాలి కదా."

లోయంతటినీ ఉద్దేశించి చేసిన ఈ ప్రకటనకి ఆ ఉదయం ఊరి సంఘం హాల్లో దక్కిన శ్రోతలు ముగ్గురు: చిజూరు టీచరు, సైకిళ్ళ కొట్టు హొనామి, కిరసనాయిలు పొయ్యి మీద సన్నగా ఈలవేస్తున్న కెటిల్. ముగ్గురిలోకీ కెటిలే కాస్త ఉత్సాహం చూపించింది.

హిరుమా తన ఉద్యోగజీవితమంతా ఒక రైల్వే స్టేషన్లో, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల్ని భద్రపరిచే గదిలో గడిపాడు. గొడుగుని చూసి దాన్ని పోగొట్టుకున్న మనిషి ఎలాంటివాడో ఊహించడం అక్కడ కాలక్షేపంగా మొదలై, పదవీ విరమణ నాటికి, మనిషిని చూసి అతను చేసిన నేరమేమిటో చెప్పగలనన్న నమ్మకంగా ముదిరింది. గొడుగుల విషయంలో అతని ఊహలు ఎంతవరకు నిజమయ్యాయో ఎవరూ సరిచూడలేదు. పోయిన గొడుగు కోసం తిరిగి వచ్చేవాళ్ళు అరుదు. ఆ నమ్మకం చెక్కుచెదరకుండా నిలవడానికి అదొక్కటే కారణమని చిజూరు అభిప్రాయం.

సొంత ఊరు హినాతానికి తిరిగి వచ్చాక అతను చేపట్టిన మొదటి కేసు, ఊరి స్నానశాలలో పూజారి గారి చెప్పులు మాయమైన వ్యవహారం. అందులో అతను ఊరందరినీ ప్రశ్నించాడు, సబ్బు నురగలో పాదముద్రలు కొలిచాడు, చివరికి అనుమానం పక్క ఊరి మీదికి మళ్ళించాడు. ఆ విచారణంతా పూజారి గారి చెప్పులు తొడుక్కునే చేశాడని చిజూరు వేలు పెట్టి చూపించినప్పుడు అతను ఏమాత్రం తొణకలేదు. సాక్ష్యం ఎక్కడికీ పోకుండా కాలికే తొడుక్కున్నానన్నాడు.

కనెదా చిజూరు అతనికి బడిలో ఒకే బెంచీ స్నేహితురాలు, ఇప్పుడు పక్కింటి మనిషి. విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చదివి, జిల్లా హైస్కూల్లో అదే పాఠం చెప్పి రిటైరైంది. ఆమెకి రెండు అలవాట్లు ఉన్నాయి. ఏ సంగతికైనా కారణం వెతకడం మొదటిది. వెతికి పట్టుకున్న కారణాన్ని హిరుమాకి చెప్పకుండా ఉండలేకపోవడం రెండోది. ఆ ఉదయం మాత్రం ఆమె రెండో అలవాటుని బలవంతంగా నోట్లోనే అదిమిపెట్టి కూర్చుంది. ఎందుకో తెలియాలంటే కేసు సంగతి ముందు చెప్పాలి.

అసెబి నది ఒడ్డునుంచి కొండ శిఖరం దాకా, దేవదారు తోటల మధ్యగా, బొగ్గులు కాల్చేవాళ్ళు ఒకప్పుడు మూటలు మోసిన దారి ఒకటి ఉంది. బొగ్గుల పని పోయాక దారిని అడవి మింగేసింది. నగోయానుంచి వచ్చిన హొనామి, వంతెన పక్కన మూతబడిన బియ్యం మిల్లులో సైకిళ్ళ కొట్టు పెట్టి, తనలాంటి కొండ సైకిళ్ళ పిచ్చివాళ్ళని నలుగురిని పోగుచేసి, పారా గొడ్డలి పట్టుకుని ఆ దారిని మళ్ళీ బయటికి తీసింది. వానకి కొట్టుకుపోకుండా అడ్డకాలవలు తవ్వింది. మలుపు మలుపుకీ బయటివైపు మట్టి తొక్కి, గిన్నె అంచులా వాలుగా కట్టలు కట్టింది. కొండ ఊరుమ్మడి ఆస్తి కాబట్టి, ఊరి సంఘం ఏటేటా అనుమతిస్తేనే ఆ దారి మీద సైకిలు నడిచేది. షరతులు రెండే. ప్రతి సైకిలుకీ ఎలుగుబంట్లని దూరంగా పోగొట్టే గంట కట్టాలి. పొద్దున ఊరి మైకులో వ్యాయామం పాట రాకముందు దారి మీద చక్రం కదలకూడదు.

ఈసారి శరదృతువులో, మైకు మోగకముందే కొండ మీద గంట మోగుతోందని ఫిర్యాదులు మొదలయ్యాయి. ముందు సంఘం ప్రెసిడెంటు ఉషిజిమా గారు విన్నారు. తర్వాత ఆయన భార్య సదాయో గారు విన్నారు. తర్వాత పూజారి గారు. ఆ తర్వాత విననివాళ్ళు ఊళ్ళో లేకుండా పోయారు. అది మన ఊరివాళ్ళెవరిదో కావచ్చు కదా అని హొనామి అడిగినప్పుడు, ఉషిజిమా గారు పసిపిల్లకి లెక్క నేర్పుతున్నంత ఓపికగా వివరించారు. పైన్ చెట్ల కింద మొలిచే ఖరీదైన మత్సుతాకె పుట్టగొడుగుల కోసం ఊరు ఊరంతా కలిసి కొండ తెరిచే రోజు ఇంకా రాలేదు. కొండ తెరవకముందు పుట్టగొడుగు మీద చెయ్యి వెయ్యడం ఊరి సొత్తు దొంగిలించడమే. హినాతాని మనిషి దొంగతనం చెయ్యడు. కాబట్టి హినాతాని మనిషి కొండ మీద ఉండడు. కాబట్టి కొండ మీద ఉన్నవాళ్ళు సైకిలువాళ్ళే. రేపు రాత్రి జరగబోయే సంఘం సమావేశంలో రెండు విషయాలు తేలాలి: కొండ ఎప్పుడు తెరవడం, సైకిళ్ళ దారి ఎప్పుడు మూయడం.

"మా వాళ్ళెవరూ వెళ్ళలేదు పెద్దయ్యా," అంది హొనామి, కెటిల్ ఈల ఆగాక. "ఒట్టు. కానీ లేనిదాన్ని లేదని ఎలా చూపించను? దారి మూస్తే ఇక్కడికి సైకిలేసుకుని వచ్చేదెవరు? కొట్టుకి తాళం పెట్టి నేనూ పోవాల్సిందే."

"కేసు నేను తీసుకున్నాను," అన్నాడు హిరుమా. "ఇక నువ్వు నిశ్చింతగా భయపడు."

"అంటే ఏంటి పెద్దయ్యా?"

"అంటే ఏమీ లేదమ్మా," అంది చిజూరు. "అతను వాక్యం మొదలుపెట్టేటప్పుడు ఎక్కడ ఆపాలో అనుకోడు."

ఆ గంట ఎవరిదో చిజూరుకి తెలుసు. ఇత్తడిది, అరచేతిలో ఇమిడేంతది, కొంచెం బొంగురు గొంతుది. ప్రస్తుతం ఆమె వంటింట్లో బియ్యం డబ్బా అడుగున ఉంది.

దొంగతనానికి వెళ్ళలేదని ఆమె తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. చూసి రావడానికే వెళ్ళింది. కొండవాలులో, ఎర్ర పైన్ చెట్లు గుంపుగా ఉన్నచోట, తల్లికీ చెప్పని, పెళ్ళయ్యాక మొగుడికీ చెప్పని తన చోటు ఒకటుంది. హినాతానిలో ఆస్తిపాస్తుల వివరాలు అడిగితే చెబుతారు గానీ పుట్టగొడుగుల చోటు మాత్రం మరణశయ్య మీద కూడా చెప్పరు. కొండ తెరిచేలోపు అక్కడ పుట్టగొడుగులు తల ఎత్తాయో లేదో చూడటం నేరం కాదు. చూస్తూ చూస్తూ, ఎవరైనా తొక్కేస్తారేమోనన్న జాలితో ఒకటో రెండో తీసి బుట్టలో పెట్టుకోవడం నేరమా కాదా అన్నది వివరంగా చర్చించవలసిన విషయం. ఆ చర్చ ఆమె రోజూ కొండ దిగుతూ తనలో తనే చేసుకునేది. రోజూ తనే గెలిచేది. ఎలుగుబంట్లంటే ఆమెకి ప్రాణభయం కాబట్టి అడుగడుక్కీ గంట మోగిస్తూ వెళ్ళేది. ఊరంతా విన్నది ఆ గంటనే.

నిజం చెబితే హొనామి దారి నిలబడుతుంది. చెబితే, ఊరి సొత్తు దొంగిలించిన టీచరు అన్న పేరు తనకి నిలబడుతుంది. ఈ రెంటి మధ్య నలుగుతూ ఆమె ఇంటికి వెళ్ళేలోపే, హిరుమా ఆమెని తన సహాయకురాలిగా నియమించాడు. తన నేరాన్ని తానే పరిశోధించబోతున్న మనిషికి ఉండవలసిన బెదురు ఆమెలో ఉంది. అది అతని కంట్లో ఉత్సాహంలా పడింది.

విచారణ ఆ పూటే మొదలైంది. పూజారి గారు గంట కీచుగా ఉందన్నారు. సదాయో గారు మందంగా ఉందన్నారు. ఉషిజిమా గారు మధ్యరకంగా ఉందన్నారు. ముగ్గురూ మంచం మీద పడుకుని విన్నామన్నారు. ఈ ముగ్గురి మాటలూ పొసగడం లేదని చిజూరు లోపల సంతోషించబోయింది గానీ హిరుమాకి అంతకంటే గొప్ప సమన్వయం దొరికింది.

"కీచుగా, మందంగా, మధ్యరకంగా. అంటే గంట ఒకటే, అది ఊగే ఎత్తు మారుతోంది. అంటే దాన్ని కట్టుకున్నవాడు పొడుగ్గా ఉంటాడు, కుంటుతాడు. ఎడమచేతివాటం. బహుశా మీసం."

"మీసం ఎక్కడినుంచి వచ్చింది?"

"ఇలాంటి పనులు చేసేవాళ్ళకి ఉంటుంది చిజూరూ. ముప్పై ఏళ్ళు గొడుగులు చూశాను నేను."

పొడుగూ కుంటీ ఎడమచేతివాటమూ కాని, మీసమూ లేని చిజూరు ఊపిరి పీల్చుకుంది. కానీ అతను అక్కడితో ఆగలేదు. శాస్త్రీయ పరీక్ష జరగాలన్నాడు. తను ఉషిజిమా గారి వరండాలో చెవి మిషను సవరించుకుని కూర్చుంటాడు. ఆమె హొనామి సైకిలు గంట పట్టుకుని కొండెక్కి మోగించాలి. గంట ఊళ్ళోకి వినిపిస్తుందని రుజువైతే సాక్షుల మాటకి బలం వస్తుంది. ఆ బలం ఎవరి మెడ మీద పడుతుందో ఆలోచించాడా అని ఆమె అడిగింది. సత్యానికి మెడలతో పనిలేదన్నాడు.

చిజూరు కొండెక్కింది. గంట మోగించి, అది కింద వినిపిస్తే హొనామికి వ్యతిరేకంగా సాక్ష్యం తయారవుతుంది. మోగించకపోతే ఏ సాక్ష్యమూ తయారవదు. ఇంత సూటిగా ఆలోచించి, ఆమె గంట నాలుకని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని ఒక దేవదారు మొద్దు మీద కాసేపు కూర్చుని దిగి వచ్చింది. నది ఒడ్డునే ఉన్న ఉషిజిమా గారి ఇంట్లో, సదాయో గారు ఊరగాయ ముల్లంగి తింటారా అని అరిచి మరీ అడుగుతున్నారు. నీటి హోరులో ఆ ఇంట్లో ఎప్పుడూ అలాగే మాట్లాడుకుంటారు. హిరుమా వరండాలో లేచి నిలబడి ఉన్నాడు, ముఖం వెలిగిపోతోంది.

"స్పష్టంగా విన్నాను," అన్నాడు. "పక్కనే మోగినట్టుంది."

అతని తల పక్కనే, చూరుకి వేలాడుతూ, వేసవి వెళ్ళిపోయినా ఎవరూ విప్పి లోపల పెట్టని గాజు గాలిగంట గాలికి ఊగుతోంది.

నేను అసలు గంట మోగించనే లేదు అని చెప్పడానికి చిజూరు నోరు తెరిచింది. మరెందుకు మోగించలేదన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. దానికి జవాబు చెబితే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ వరస ఆమె బియ్యం డబ్బా దాకా వచ్చి ఆగుతుంది. తెరిచిన నోట్లో ముల్లంగి ముక్క పెట్టుకుని ఆమె ఊరుకుంది. అలా, సాక్ష్యం పుట్టకుండా ఆపడానికి చేసిన పనే సాక్ష్యాన్ని పుట్టించింది. ఉషిజిమా గారు హిరుమాకి వంగి నమస్కరించారు. సాయంత్రానికల్లా, కొండ మీద గంట ఊళ్ళోకి వినిపిస్తుందని శాస్త్రీయంగా రుజువైన సంగతి లోయంతా పాకింది. హొనామి కొట్టు ముందు నిలబడి సైకిలు గొలుసుకి నూనె పూస్తూనే ఉంది, పూయవలసిన అవసరం దాటిపోయి చాలాసేపైనా.

ఆ అమ్మాయి వంచిన తల చూశాక చిజూరు నిర్ణయం తీసుకుంది. రేపు సమావేశంలో చెప్పేస్తుంది. అంతకంటే ముందు కునిహికోకి చెబుతుంది. బడి రోజులనుంచీ తనని తెలివైనదనుకుంటున్న మనిషి ఊరందరితో పాటు వినడం బాగుండదు.

హిరుమా అప్పటికే తన ఆఖరి ఎత్తు వేసేశాడు: తెల్లవారుజామున దారి పైచివర కాపలా. నేరస్థుడు సైకిలు మీద వస్తాడు కాబట్టి వెంటాడటానికి తనకీ సైకిలు కావాలి. అతను జీవితంలో నడిపింది కూరగాయలు తెచ్చుకునే బుట్ట సైకిలొక్కటే. హొనామి వద్దని ఎంత చెప్పినా వినక, ఆమె దగ్గర నేర్చుకునేవాళ్ళకని ఉంచిన కొండ సైకిలు తీసుకున్నాడు. దానికి ముందు బుట్ట లేకపోవడం చూసి తన బుట్ట విప్పి కట్టించుకున్నాడు. పరిశోధకుడు ఫ్లాస్కు ఎక్కడ పెట్టుకోవాలి? మైకు మోగకముందు చక్రం కదపనని మాట ఇచ్చి, సైకిలుని పైదాకా తోసుకుంటూ వెళ్ళాడు. ఆ తోయడంలో సగం చిజూరు వంతు.

పైన చీకటి పలచబడుతోంది. లోయలో నది మీద పొగమంచు దుప్పటిలా పరుచుకుని ఉంది. నేల తడిగా ఉందని హిరుమా సైకిలు సీటునే కుర్చీగా చేసుకుని, ఒక కాలు రాయి మీద ఆనించి కూర్చున్నాడు. చెవి మిషను ఈల వేస్తే నేరస్థుడు పసిగడతాడని దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. ఈ చివరి సంగతి చిజూరు గమనించలేదు. ఆమె తన మొదటి వాక్యం కూర్చుకుంటోంది.

"కునిహికో," అంది. "ఆ గంట నాదే."

అతను లోయ వైపు చూస్తున్నాడు.

"కొండ తెరవకముందే నేను పుట్టగొడుగులకి వస్తున్నాను. నువ్వు వెతుకుతున్న మనిషిని నేనే. ఈ రాత్రి సమావేశంలో అందరి ముందూ చెబుతాను. ముందు నీకు చెప్పాలనిపించింది. నా మీద నీకున్న మంచి అభిప్రాయం పోతే పోయింది."

బడిలో కూడా ఆమె ఇంత పెద్ద తప్పు ఒప్పుకోలేదు. చేసిందీ లేదు. అతను చెయ్యెత్తి, ఉష్ అన్నాడు. "వాడు దగ్గర్లోనే ఉన్నాడు. నాకు తెలుస్తోంది."

అని, టీ పోసుకోవడానికి రెండు చేతులూ ఫ్లాస్కు మీద వేశాడు. రాయి మీది కాలు తీశాడు. సైకిలు మెల్లగా, మర్యాదగా, దారి వాలులోకి కదిలింది.

తన ఒప్పుకోలు భరించలేక పారిపోతున్నాడేమోనని చిజూరు ఒక్క క్షణం అనుకుంది. మరుక్షణం అతను మొదటి మలుపు చేరాడు, ఒక చేతిలో ఫ్లాస్కు, ఒక చేతిలో మూత, ముఖంలో తన పరిశోధన ఊహించని దిశలో సాగుతున్న మనిషి గాంభీర్యం. ఆ మలుపులోనే అతను అడవిలోకి ఎగిరిపోవలసింది. హొనామి కట్టిన వాలు కట్ట అతన్ని ఒడిసి పట్టుకుని, తిప్పి, మళ్ళీ దారిలో పెట్టింది. రెండో మలుపు కూడా అంతే. సైకిలు నడపడం రాని మనిషిని, సైకిలు నడుపుతున్నానని తెలియని మనిషిని, ఆ దారి చంటిపిల్లని చేతులు మార్చుకున్నట్టు మలుపునుంచి మలుపుకి అందించుకుంటూ కిందికి తీసుకుపోయింది. సైకిలు గంట అగ్నిమాపక శకటంలా మోగుతోంది.

చిజూరు వెనకాలే పరుగెత్తింది. అందుకే అన్నీ వరసగా చూడగలిగింది.

మొదట, రెండో మలుపు కింది పొదల్లోంచి పూజారి గారు లేచారు. చేతిలో బుట్ట, నడుముకి గంట. పైనుంచి గంటల హోరుతో దూసుకొస్తున్నది ఎలుగుబంటో మరేమిటో తేల్చుకునే తీరిక లేక, దారి పట్టి కిందికి పరుగు తీశారు. ఆయన గంట మోగడం మొదలుపెట్టింది. దాని కింద కుడివైపు నుంచి సదాయో గారు లేచారు, బుట్టతో సహా. ఎడమవైపు నుంచి ఆమె భర్త లేచారు. ఒకే మంచం మీద పడుకుని గంట విన్నామన్న ఆ దంపతులు దారి మధ్యలో ఒకరినొకరు చూసుకున్న చూపు, చూసినవాళ్ళు జన్మలో మరిచిపోలేనిది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. హినాతాని పెద్దమనుషులంతా తమ తమ పైన్ చెట్ల మొదళ్ళనుంచి లేచి, బుట్టలు గుండెలకి హత్తుకుని, గంటలు మోగించుకుంటూ కొండ దిగుతుంటే, వాళ్ళ వెనక టీ ఒలకబోసుకుంటూ హిరుమా కునిహికో, నేరపరిశోధన చరిత్రలో ఎవరూ చేయనంత పెద్ద సామూహిక వేట చేస్తూ వచ్చాడు.

పరుగెడుతున్న చిజూరుకి రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. నది హోరులో భార్య పిలుపే వినిపించని ఇంట్లో కొండ మీది గంట వినిపించదు. విన్నానన్న ప్రతివాడూ కొండ మీదే ఉండాలి. జీవితమంతా కొండలూ నదులూ పాఠం చెప్పిన తను, ఈ ఊరికీ కొండకీ మధ్య ఒక నది ఉందన్న సంగతి మరిచిపోయింది. ఇక రెండోది. వాళ్ళందరూ నక్కి కూర్చుని ఒకరి గంట ఒకరు విన్నారు, భయంతో ఆపకుండా మోగించుకుంటూ తిరిగిన తను తప్ప. నడుముకి తన గంట మోగుతున్నంతసేపూ మనిషికి ఎదుటివాళ్ళ గంట వినపడదు.

చివరి మలుపులో ఉషిజిమా గారు ఆయాసపడి, కట్ట మీదే కూలబడ్డారు. ఆయన్ని తప్పించడానికి హిరుమా జీవితంలో మొదటిసారి ఒక సరైన నిర్ణయం తీసుకుని హ్యాండిల్ పక్కకి తిప్పాడు. సైకిలు కట్ట ఎక్కి, గాల్లోకి లేచి, ఎర్ర పైన్ చెట్ల గుంపులో ఎండుటాకుల మెత్త మీద దిగింది. అతను దానికి కాస్త ముందుగా దిగాడు. చక్రం అతని పక్కన ఇంకా తిరుగుతోంది.

చిజూరు ఆ చెట్లని చూసింది. ఆ వాలుని, ఆ వంకర పైన్ మొదలుని చూసింది. అతని కాలికి దెబ్బ తగిలిందా అని అడగవలసిన నోరు వేరే మాట అనేసింది.

"అయ్యో, నా పుట్టగొడుగులు."

హిరుమా జేబులోంచి చెవి మిషను తీసి పెట్టుకుంటూ, నేల తడుముతూ, సరిగ్గా అదే సమయంలో అన్నాడు: "అయ్యో, నా పుట్టగొడుగులు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

లెక్క తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆమె చీకట్లోనే వచ్చి, చూసుకుని, ఇంటికి వెళ్ళి స్నానాల పొయ్యి వెలిగించేది. పక్కింటి పొగగొట్టంలో పొగ కనిపిస్తే చిజూరు ఇంట్లో ఉందని నమ్మకంగా చెప్పవచ్చు కాబట్టి, అది చూశాకే అతను బయల్దేరేవాడు. ఏళ్ళ తరబడి ఒకే చెట్టు మొదట్లో ఇద్దరూ వేర్వేరు రహస్యాలు దాచుకున్నారు. పుట్టగొడుగులు తగ్గిపోతున్నాయని ఆమె అడవిపందుల మీద అటవీ కార్యాలయానికి ఫిర్యాదు పెట్టింది. అతను జింకల్ని అనుమానించాడు.

"నువ్వా అడవిపంది?" అన్నాడతను.

"జింకని అన్నావుగా. అదే ఉండనీ," అంది చిజూరు.

అప్పటికి మిగతావాళ్ళు చుట్టూ చేరారు. బుట్టలు వెనక్కి దాచుకుందామంటే ఎటు చూసినా మనుషులే. ఎవరి గంటని వాళ్ళు చేత్తో మూసుకుని నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో కిందనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. హొనామి ఆయాసంతో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పెద్దయ్యా, ఎక్కడైనా విరిగిందా? కదలొద్దు, కదలొద్దు. సైకిలేసుకొస్తే ఎప్పుడో వచ్చేదాన్ని. కింద పడేసి పరుగెత్తుకొచ్చాను. మైకు ఇంకా మోగలేదు కదా."

అని అతని మోకాలు నొక్కి చూస్తూ కూర్చుంది. కాసేపటికి తలెత్తి చుట్టూ ఉన్నవాళ్ళని చూసింది. బుట్టల్ని చూసింది. గంటల్ని చూసింది. తిరిగి మోకాలు వైపు వంగింది. ఏదైనా అని ఉంటే వాళ్ళకి కాస్త తేలికగా ఉండేది.

అప్పుడు లోయలోంచి ఊరి మైకు పాట లేచింది. ఉషిజిమా గారి చేతులు అలవాటు కొద్దీ వ్యాయామానికి పైకి లేచి, బుట్ట బరువు గుర్తుకొచ్చి దిగిపోయాయి.

ఆ రాత్రి సమావేశంలో ఉషిజిమా గారు విషయసూచిక చదివారు. సైకిళ్ళ దారి దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, మైకు మోగకముందు గంట విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎక్కడ నిలబడి విన్నారో సహా వివరంగా చెప్పమన్నారు. అందరూ టీ గిన్నెల్లోకి చూశారు. చిజూరు లేచింది. ఆమె ఏం చెప్పబోతోందో గ్రహించిన పూజారి గారు కళ్ళు మూసుకున్నారు. ఒకరు మొదలుపెడితే వరసగా అందరూ చెప్పుకోవలసి వస్తుంది.

ఆమె మాట మొదలుపెట్టకముందే, పక్కన కట్టుకట్టిన మోకాలితో కూర్చున్న హిరుమా చెయ్యి పట్టుకుని లాగి ఆమెని కూర్చోబెట్టి, తను లేచాడు.

"కేసు ముగిసింది," అన్నాడు. "నేరస్థుడు పొడుగ్గా ఉంటాడు. కుంటుతాడు. ఎడమచేతివాటం, మీసం. బయటివాడు. ఈ ఉదయం నేను కొండ మీద అతన్ని ఎంత వేగంగా తరిమానో మీరంతా," అని ఆగి, "మీరంతా మీ మీ మంచాల మీదనుంచి వినే ఉంటారు. అతను లోయ వదిలి పారిపోయాడు. ఇక రాడు. ఈ అమ్మాయి మనుషులకీ దీనికీ సంబంధం లేదు. నన్ను చివరి మలుపు దాకా పడెయ్యకుండా తెచ్చిన దారి మీద నేను ఎవరి మాటా పడనివ్వను."

ఇంత పనికిమాలిన సిద్ధాంతం హినాతానిలో ఎన్నడూ ఎవరూ విని ఉండరు. ఇంత ఏకగ్రీవంగా ఏదీ ఆమోదించబడలేదు. సదాయో గారు అందరికంటే ముందు చెయ్యెత్తారు. దారికి ఏటేటా అడగనక్కరలేని అనుమతి దొరికింది. కొండ మర్నాడే తెరవాలని కూడా నిర్ణయమైంది. ఆలస్యం చేస్తే మిగిలేదేమీ లేదని ఎవరో గొణిగారు.

ఇంటికి నడుస్తూ చిజూరు అతన్ని అడిగింది, మమ్మల్ని కాపాడటానికి ఆ మీసంవాణ్ణి తెచ్చావా, లేక నిజంగానే నమ్ముతున్నావా అని. హిరుమా చాలాదూరం కుంటుకుంటూ నడిచి, చివరికి, ఒకటి మాత్రం నిజమైందన్నాడు. నేరస్థుడు కుంటుతాడని ముందే చెప్పలేదా?

కొండ తెరిచిన రోజు ఆ పైన్ చెట్టు కింద ఇద్దరూ కలిసి వెతికితే దొరికింది ఒకటే. చక్రం కింద పడి చపాతీలా నలిగినది. దాన్ని చీల్చి అన్నంలో ఉడికించి, సాయంత్రం హొనామిని భోజనానికి పిలిచారు. కుండ మూత తియ్యగానే ఇల్లంతా కొండ వాసన. హొనామి తన గిన్నెలోని ముక్కని చాప్‌స్టిక్సుతో ఎత్తి, దీపం వెలుగులో తిప్పి చూసింది. దాని మీద అడ్డంగా, వరసగా, సైకిలు టైరు గళ్ళు ఉన్నాయి. ఆ గళ్ళు ఆమెకి తన అరచేతి గీతలంత బాగా తెలుసు.

నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, కళ్ళు మూసుకుంది.

"ఎంత బాగుందో మామ్మగారూ," అంది. "ఎక్కడ దొరికింది?"

చిజూరు తూర్పు కొండ చూపించింది. అదే క్షణంలో హిరుమా నది దిగువ వైపు చూపించాడు.